నాంపల్లి నుండి ఖైరతాబాదునకు నడిరేయి నడక

హైదరాబాదు నగరమునకు చుట్టపుచూపుగా విచ్చేయు మన సోదరీమణులు చార్మినారును, సాలారుజంగు వస్తుప్రదర్శనశాలను, గోలకొండను కన్నులార గాంచి, లాడ్‌బజారులో నాలుగు జతల గాజులు కొనుక్కొని మరలిపోవుదురు. నాంపల్లికిని ఖైరతాబాదునకును నడుమనున్న త్రోవను చూతమని యెవ్వరును రారు. మెట్రో బండిలో కూర్చుండినచో ఐదారు నిమిషములలో గడచిపోవు దూరమది. కొంగు సవరించుకొను లోపల దిగవలసిన చోటు వచ్చును. ఖైరతాబాదున పదునాలుగేండ్లుగా కాపురము చేయుచున్న మేమును ఆ త్రోవను బండి కిటికీ నుండియే యెరుగుదుము. గడచిన సంక్రాంతి వెళ్లిన వారమున ఒకనాటి రాత్రి కడపటి బండి తప్పిపోవుటచే దానిని కాలినడకను చూడవలసి వచ్చినది. చూచినది చూచినట్లు ఇచట వ్రాయుచున్నారము.

మొదట ఆ ప్రాంతమును గూర్చి రెండు మాటలు. కుతుబ్‌షాహీల కాలమున నేక్‌నాం ఖాన్ అను నుద్యోగి యొకడుండెననియు, ఆయన పేర నేక్‌నాంపల్లి యైనది కాలక్రమమున నోట నలిగి నాంపల్లి యైనదనియు చెప్పుదురు. నేక్‌నాం అనగా మంచిపేరు గలవాడని యర్థము. మంచి పోయి పేరు మాత్రము మిగిలినదని మావారు పరిహాసమాడుదురు గాని, ఊరిపేళ్లకు ఇట్టి గతి క్రొత్త కాదు. ప్రక్కనున్న ఆబిడ్సు మాత్రమేమి? ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాను కొలువున నుండిన ఆల్బర్టు ఆబిద్ అను నతడు అచట అంగడి పెట్టెను. అంగడి పోయినది, పేరు పేటకు నిలిచినది. నాంపల్లి రైలుస్టేషను 1907లో తెరవబడినది. అంతకుముందు 1874 మొదలు ఈ సీమకు రైలు వచ్చుచునే యుండెను గాని, అది సికిందరాబాదునకు వచ్చెడిది. నాంపల్లిలో స్టేషను వచ్చిన పిదప హైదరాబాదువారు అచట బండి దిగసాగిరి. రాత్రివేళ దిగిన బాటసారులు తలదాచుకొనుటకై దానికి చేరువనే సరాయి యొకటి వెలసినది. బండి దిగినవారికిని, బండి తప్పినవారికిని తెల్లవారువరకు ఒక చావడి యుండవలెనని ఆ కాలమువారు తలచిరి. ఆ తలంపు మెచ్చదగినది.

ఇక నుమాయిషు సంగతి. 1938లో బాగెఆమ్ అను ప్రజోద్యానవనమున చిన్న పారిశ్రామిక ప్రదర్శనముగా మొదలైనది, 1946లో నేటి స్థలమునకు మారినది. ఏటేట జనవరి 1వ తేదీ మొదలు ఫిబ్రవరి నడుమవరకు నడచును. కాశ్మీరపు శాలువలు, లక్నో చికను పని చీరలు, ఖుర్జా జాడీలు, అప్పడములు, ఊయెలలు, రంగులరాట్నములు! స్త్రీల కొరకు ప్రత్యేకముగా నొక దినము కూడ నేర్పరతురు. ఈ ప్రదర్శనముపై వచ్చు సొమ్ముతో ఆ సంఘమువారు విద్యాలయములు నడుపుచున్నారు. సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ అట్టివే. మనము టిక్కెట్టు కొని గాజులు చూడబోయిన రూకలలో కొంత ఆడపిల్లల చదువునకు పోవుచున్నదన్నమాట. మా ఆడబిడ్డ ఆ వనితా విద్యాలయమున బి.కాం. ముగించినది.

ఆమె చదువు ముగియుటతోనే మా యింట నొక చిక్కు పుట్టినది. ఆబిడ్సులో నొక బట్టల దుకాణమువారు లెక్కలు వ్రాయుటకు ఆమెను రమ్మనిరి. జీతము ఉచితముగానే యున్నది. కాని దుకాణము కట్టు వేళ రాత్రి తొమ్మిదిన్నర. లెక్కలు సరిచూచి బయటపడునప్పటికి పది. మా అత్తగారు ఇది విని, "పగలు పని యేదైన చూచుకో, తల్లీ. రాత్రి పది గంటలకు ఆడపిల్ల ఒంటిగా ఇల్లు చేరుట నా ప్రాణముండగా జరుగదు" అనిరి. ఆడబిడ్డ అన్నము మానలేదు గాని మాటలు మానినది. మావారు బడిలో నలుబదిమంది పిల్లల తగవులు తీర్చువారే యైనను, తల్లికిని చెల్లెలికిని నడుమ తీర్పు చెప్పజాలక వార్తాపత్రిక చాటున దాగికొనిరి. నుమాయిషునకు పోవుద మనినది నిజమునకు ఆ మౌనము భరింపలేకయే.

ఆ రాత్రి అత్తగారు ఊరగాయకై ఖుర్జా జాడీ యొకటి బేరమాడిరి. గడ్డి చుట్టి, త్రాడు కట్టి ఇచ్చునప్పటికి జనసమ్మర్దము ద్వారముల వైపు పొర్లుచుండెను. అత్తగారి మోకాళ్లు, మావారి భుజముపై జాడీ, ఆ త్రోపుడు! గాంధీభవను స్టేషను మెట్లెక్కి పైకి చేరునప్పటికి కడపటి బండి తలుపులు మూసికొని దీపములతో సాగిపోవుట కనబడినది. నాంపల్లి పెద్దస్టేషనుకు నడచితిమి గాని, ఆ వేళకు మా దిక్కునకు పోవు స్థానిక బండియు లేకుండెను. ఆటో నడుపు నతడొకడు మమ్ము తేరిపార జూచి, "ఖైరతాబాదా? మూడు నూర్లైతదమ్మా" అనెను. పగలైనచో ఇందులో మూడవ వంతునకు వచ్చువారు. ఆడబిడ్డ చేతిఫోనులో బండిని పిలిచినది; వచ్చుచున్నానని ఒప్పుకొన్నవారు ఒకరి వెనుక నొకరు ఒప్పందము రద్దు చేసికొనిరి. అపుడు అత్తగారే, "నాలుగు కిలోమీటర్లు కూడ లేదు కద, నాయనా. అలిపిరి మెట్లెక్కిన కాళ్లు ఇవి. నడుద్దాము పదండి" అనిరి. మేము ఒండొరుల మొగములు చూచుకొంటిమి. రాత్రి పది గంటలకు ఆడది వీధిలో నుండరాదన్నవారు పదకొండున్నరకు మమ్ము వెంటబెట్టుకొని బయలుదేరిరి.

చలి మిక్కుటముగా లేదు గాని శాలువ కప్పుకొనదగినంత యుండెను. అంగళ్ల ఇనుపతలుపులు దిగిపోయినవి. పగలు నేల కనబడనంత సందడిగా నుండు ఆ వీధి అంత వెడల్పైనదని మేమెన్నడు నెరుగము. తలపై మెట్రోవారి వంతెన, దాని స్తంభములు బారులు తీరి నిలిచియుండెను. ఈ మార్గమున బండ్లు 2018వ సంవత్సరము సెప్టెంబరు మొదలు నడచుచున్నవి. పగలు ఆ వంతెన ఎండకు గొడుగు. రాత్రి దాని నీడ దీపముల వెలుతురును ముక్కలు ముక్కలుగా కోయును. స్తంభము చాటున ఎవరున్నదియు దగ్గరకు పోవువరకు తెలియదు. ఇది స్త్రీలు మాత్రమే గమనించు సంగతి. మావారితో ఆ మాట అన్నపుడు వారు వెనుదిరిగి, అప్పుడే ఆ స్తంభములను చూచినట్లు చూచిరి.

మా నాన్నగారు మాకు చిన్ననాట ఇంటియొద్దనే సంస్కృతము చెప్పుచు, అర్థశాస్త్రమున నగరపాలకుని విధులు తెలుపు ప్రకరణము చదివించిరి. రాత్రి తూర్యము మ్రోగినది మొదలు వేకువ తూర్యము మ్రోగువరకు వీధులలో తిరుగువారికి కౌటిల్యుడు జుల్మానా విధించినాడు. అయినను కొందరిని పట్టరాదన్నాడు: ప్రసవముకై పోవువారిని, వైద్యము నిమిత్తము పోవువారిని, శవమును గొనిపోవువారిని, దీపము చేతబట్టి పోవువారిని, ప్రదర్శనములకు పోవువారిని, అగ్నిప్రమాదమునకు పరుగిడువారిని, ముద్ర గలవారిని. నుమాయిషు చూచి వచ్చుచున్నారము గాన మేము ఆ పట్టికలోనివారమే యని ఆడబిడ్డకు చెప్పితిమి. ఆమె కొంతసేపాలోచించి, "పని చేసి ఇంటికి పోవు ఆడది ఆ పట్టికలో లేదు కదా, వదినా?" అని యడిగినది. లేదు. ఆ నాటికి అట్టి స్త్రీ నగరపాలకుని కంటబడలేదు కాబోలు. అంతవరకు పోనేల? మన దేశమున 1948వ సంవత్సరపు కర్మాగారముల చట్టమే స్త్రీలను ఉదయము 6 గంటలకు ముందు గాని, రాత్రి 7 గంటలకు తరువాత గాని పనిలో నుంచరాదని శాసించినది. రక్షణ కొరకే ఆ కట్టుబాటు. దానితోపాటు రాత్రి కూలియు పోయెను. తరువాతి కాలమున ఆ కట్టు సడలినది. చట్టము సడలినంత త్వరగా వీధి సడలునా యన్నది అత్తగారి ప్రశ్న. అది పాతకాలపు మాటయని త్రోసివేయుటకు మాకు మనసొప్పలేదు.

బాగెఆమ్ ప్రహరి వెంబడి పోవుచు శాసనసభా భవనము కడకు వచ్చితిమి. 1913లో ముగిసిన కట్టడమది. ఆరవ నిజాము నలుబదవ జన్మదినోత్సవ స్మారకముగా పౌరుల కొరకు తలపెట్టిన సభాభవనము. వెన్నెలలో దాని గుమ్మటములు చక్కెరతో పోతపోసినట్లుండెను. ఎదుట గన్‌పార్కున 1969 నాటి ఉద్యమమున అసువులు బాసినవారి స్తూపము. ఉద్యానవనమునకు ఎదురుగానే హాకా భవనము. ఆపన్నులైన స్త్రీలకును బాలలకును వైద్యము, న్యాయసహాయము, ఓదార్పు ఒక్కచోటనే లభించుటకై 2016లో భరోసా కేంద్రమును స్థాపించినది ఆ భవనముననే. అంతకు రెండేండ్లు ముందుగా, 2014వ సంవత్సరము అక్టోబరులో షీ టీములు ఏర్పడినవి. సాదా దుస్తులలో వీధుల సంచరించుచు స్త్రీలను వేధించువారిని పట్టుకొను దళములవి. మా పాఠకురాండ్రు ఈ పేళ్లు తెలిసికొని యుండుట మంచిది. ఆపదలో 100 గాని, 112 గాని పిలువవచ్చునని ఇంటి పిల్లలకు నేర్పియుంచుటయు మంచిదే.

అచటనే ఊడ్చువారు కనబడిరి. పచ్చని మెరపుబట్ట చొక్కాలపై తొడిగికొని, నలుగురైదుగురు స్త్రీలు పొడవు చీపుళ్లతో దారి యంచును ఊడ్చుచుండిరి. పగలు బండ్ల రద్దీలో ఊడ్చుటకు వీలుకాదు గనుక పెద్దదారులను రాత్రివేళనే శుభ్రము చేయింతురు. ప్రతి ఉదయము మనము చూచు శుభ్రమైన దారి ఎవరిచేత నట్లయినదో మేమెన్నడును తలచి యుండలేదు. అత్తగారు మోకాళ్ల నెపమున అచటి అరుగుపై చతికిలబడి, వారిలో పెద్దదానితో మాట గలిపిరి. ఆమెకు ఏబది యేండ్లకు పైబడి యుండును.

"పని ఎప్పుడు అయితుంది, అమ్మా?"

"రెండు దాటుతదమ్మా. ఒక్కోపారి మూడు."

"మరి ఇంటికి ఎట్ల పోతవు?"

"ఇప్పుడు బస్సులేడియి? పొద్దుగాల మొదటి బస్సు వచ్చిందాక ఈడనే ఉంటం. అందరం ఒక్కతాన కూసుంటం. బస్సు ఉత్తగనే కదమ్మా, ఆటోకెందుకు పెట్టుడు?"

2023వ సంవత్సరము డిసెంబరు 9వ తేది మొదలు తెలంగాణ రాష్ట్రమున స్త్రీలకు సాధారణపు బస్సులలోను, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను టిక్కెట్టు లేకుండ ప్రయాణము కల్పింపబడినది. ఆ సౌకర్యము ఈమె కూలిలో నెంత మిగిల్చుచున్నదో ఆమె మాటవలననే తెలిసినది. కాని బస్సు లేని వేళకు ఉచితప్రయాణ మేమి చేయగలదు? మేము ఒక్క రాత్రి బండి తప్పినందుకే ఇంతగా కలతపడితిమి. ఆమెకు ప్రతి రాత్రియు కడపటి బండి వెళ్లిపోయిన తరువాతనే పని. భయము వేయదా యని అత్తగారు మెల్లగా నడిగిరి. ఆమె చీపురును నేలకు తాటించి పుల్లలు సరిచేసికొనుచు, "ఒక్కదాన్నైతే ఏస్తది. నలుగురుంటే ఏయదు" అని మరల పనిలో దిగినది. అత్తగారు లేచునపుడు ఆమె మావారి భుజముపై జాడీని చూచి, "మంచిగున్నది. ఎంతవడ్డది?" అని యడిగి, ధర విని, ఎక్కువ పెట్టితిమని తేల్చినది. అత్తగారికి ఆ మాట ఖైరతాబాదువరకు మనసులో ముల్లై గుచ్చుచునే యుండెను.

కుడిచేతివైపు కొండలపై దీపములు కానవచ్చెను. అందొకటి నౌబత్ పహాడు. పూర్వము దానిపై నగారాలు మ్రోగించి రాజాజ్ఞలు చాటెడివారట. ప్రక్కనున్న కాలాపహాడుపై 1976లో పాలరాతి వేంకటేశ్వరాలయము వెలసినది. కౌటిల్యుని తూర్యమును, ఈ నగారాను ఒకదాని ప్రక్క నొకటి నిలిపి చూచితిమి. నేడు మనకు వేళ తెలుపు నగారా కడపటి రైలే గదా!

రవీంద్రభారతి మలుపు తిరిగితిమి. 1961లో వెలసిన ఆ రంగశాల ముంగిట దీపములన్నియు ఆరిపోయి, కాపలావాడొకడు చెవికి ఫోను తగిలించుకొని కునుకుచుండెను. అచటినుండి లక్డీకాపూలు. ఆ పేరునకు కఱ్ఱవంతెన యని యర్థము. రైలుదారిపై ఒకప్పుడు కఱ్ఱతో కట్టిన వంతెన యుండెనట. కఱ్ఱ పోయి ఎన్నియో యేండ్లైనను పేరు చివుకలేదు.

లక్డీకాపూలు కడ నడిరేయి యన్న తలంపే పోయినది. ఎడమచేతి దిక్కున రెడ్‌హిల్సులో నీలోఫరు ఆసుపత్రి యున్నది. దాని చరిత్ర మన సోదరీమణులు ఎరుగదగినది. ఏడవ నిజామునకు కోడలైన నీలోఫరు రాకుమారి యొద్ద రఫతున్నీసా అను పరిచారిక యుండెను. 1949లో ఆమె ప్రసవవేళ సరియైన వైద్యము లేక మృతినొందెను. ఇక నే రఫతున్నీసాయు ఇట్లు చావరాదని పట్టుబట్టి రాకుమారి మామగారితో చెప్పి, స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి కట్టించినది. అది 1953లో తెరవబడినది. రాజుల పేర నిలిచిన కట్టడములు ఈ నగరమున లెక్కకు మిక్కిలి. దాసి మరణమునుండి పుట్టిన కట్టడము ఇదొక్కటియే మేమెరిగినది. పేరు మాత్రము రాకుమారిదే నిలిచినది. రఫతున్నీసా పేరు కూడ ఒక గదికైన పెట్టియుండవలసినదని మా యభిప్రాయము.

ఆసుపత్రులకు పోవు ఆ మలుపున టీ బండ్లు, ఇడ్లీ బండ్లు, పాలు వేడిచేయించుకొను తండ్రులు, పాదచారుల దారిపై దుప్పట్లు పరచుకొని పరుండిన పల్లెవారు. ఒక యువతి చంకలో బిడ్డతో నొంటరిగా ఆటో దిగి, ఎవరిని త్రోవ యడుగకయే లోనికి పోయినది. ఆమె కౌటిల్యుని పట్టికలోనిది. ఆమెను చూచి ఎవరును తలయెత్తలేదు. దీపములు, జనులు, పొగలు గ్రక్కు గిన్నెలు ఉన్నచోట స్త్రీ సంచారము ఎవ్వరికిని వింత కాలేదు. అత్తగారు అచట టీ త్రాగిరి. ఇల్లు విడిచి బయట టీ త్రాగుట వారి జన్మలో రెండవసారియట. మొదటిది మా మామగారితో విజయవాడ స్టేషనునందు.

అచట దాటగానే త్రోవ మరల మారెను. చెట్లకొమ్మలు దీపస్తంభములను కమ్ముకొని, గోడవెంట కొంతమేర చీకటి. ఇరువురు కుఱ్ఱవాండ్రు మోటారుసైకిలుపై మా ప్రక్కగా వేగము తగ్గించి, ఏదో కూసి, మావారి భుజముపై జాడీని చూచి ఇంకొకటి కూసి పోయిరి. అంతే, మరేమియు జరుగలేదు. కాని మా ఆడబిడ్డ చేయి మా చేతిలోనికి వచ్చి చేరినది, విడువలేదు. అత్తగారు ఏమియు ననక, మెల్లగా పెదవులు కదల్చుచు నడచుచుండిరి. జపము చేసికొనుచున్నారనుకొంటిమి.

ఖైరతాబాదు మాకు ఇల్లు గాన దానిని గూర్చి పొగడినచో పక్షపాతమందురు. ఐనను ఒక్క మాట. కుతుబ్‌షాహీ రాకుమారి ఖైరతున్నీసా బేగము తన గురువైన అబ్దుల్ మాలికు కొరకు 1626లో ఇచట మసీదు కట్టించినది. ఆయన కొరకు సమాధిమందిరమును సిద్ధపరచినను, ఆయన మక్కాయాత్రలో మరణించుటచే అది రిక్తముగనే మిగిలినదని చెప్పుదురు. ప్రతియేట భాద్రపదమాసమున ఈ పేటలో నిలుపు మహాగణపతిని జూడ లక్షలాది జనులు వత్తురు. 1954లో ఒక్క అడుగు విగ్రహముతో మొదలైన ఉత్సవమది. గురువు కొరకు శిష్యురాలు కట్టించిన ఆ చిన్నమసీదును మాత్రము చూచువారరుదు. బడిపంతులు భార్యలమగుటచే మాకది ప్రియము. ఆ రాత్రి దాని మినారుల మీదుగా చంద్రుడు వాలియుండెను.

ఇల్లు చేరునప్పటికి పన్నెండు ముప్పావు. జాడీ పగులలేదు. అత్తగారు కాళ్లకు నూనె రాయించుకొనుచు అపుడు నోరు విప్పిరి. వారు చేసినది జపము కాదు, అడుగులు లెక్కించిరి. "ఆ చీకటి రెండువందల పదునాలుగు అడుగులు. మిగిలిన దారియంతయు మనుషులున్నారు. అమ్మాయి ఆ రెండువందల పదునాలుగు అడుగులు నడువరాదు. తక్కినది మీ యిష్టము."

తీర్పు ఇట్టిదగునని మేమూహింపలేదు. మావారు మరునాడే ఆ కొమ్మలను గూర్చి సంబంధించిన వారికి జాబు వ్రాసిరి. రెండవ జాబునకు కొమ్మలు నరికిరి, మూడవ జాబునకు ఒక దీపము వెలిగినది, ఒకటి వెలుగలేదు. మా ఆడబిడ్డ మాఘమాసమున పనిలో చేరినది. దుకాణమున పనిచేయు మరి ఇద్దరు బాలికలతో కలిసి స్టేషనునకు వచ్చును. కడపటి బండి ఇంతవరకు రెండుమారులు తప్పినది. ఆ రెండు మారులును మావారు పాత స్కూటరుపై పోయి తీసికొనివచ్చిరి. ఆమె ఇల్లు చేరువరకు అత్తగారు నిదురింపరు, నిదురించినట్లు నటింతురు.

వేసవిలో ఆ ఖుర్జా జాడీలో ఆవకాయ పెట్టితిమి. అత్తగారు ఒక సీసా నింపి, శాసనసభ యెదుట ఊడ్చు ఆ పెద్దమ్మకు ఇమ్మని మావారికిచ్చిరి. ధర యెక్కువైనను జాడీ మంచిదేనని చెప్పుమనియు పంపిరి. వారు పోయి వెదకగా, ఆమెను మెహదీపట్టణము దారికి మార్చిరని తక్కిన స్త్రీలు చెప్పిరట. సీసా తిరిగివచ్చినది. అత్తగారు దానిని వేరుగా అలమరలో నుంచి, మెహదీపట్టణమునకు రాత్రి బస్సులెన్ని గంటలవరకున్నవో కనుగొనుమని ఆడబిడ్డతో చెప్పియున్నారు.